ఏడో లాకు వ్యాసం మీద పల్లాలమ్మ ఫిర్యాదు

బహుళ పంచమి. పాటు మొదలైంది, నీరు సముద్రంలోకి తీస్తోంది.

రాసుకో. నా పేరు నాగిడి పల్లాలమ్మ. వయసు డెబ్బై ఆరు. ఊరు కొత్తమొగలంక. చదువు లేదు, సంతకం లేదు, వేలిముద్ర ఉంది. డెల్టా పత్రికకు ఇరవై రెండేళ్లుగా నీళ్ల రుచి చెప్పే నాలుక సాక్షిని. నా మెడలో తాడుకు కట్టిన ఈ చెవికి, మాటలు రాసుకునే యంత్రానికి, చెబుతున్నాను. ఇది నా మాటను బడి తెలుగులోకి దిద్దుకుంటుంది, దిద్దుకోనీ. తిట్లను మాత్రం దిద్దవద్దు. ఒకసారి చెప్పింది చెరపడానికి వీల్లేదని దీన్ని కట్టిన రోజే చెప్పారు. మంచిది. నేనూ చెరుపుకునే మనిషిని కాను.

నా ఫిర్యాదు ఒకటే. ఈ నెల పత్రికలో ఏడో లాకు మీద వచ్చిన వ్యాసం తప్పు.

పొద్దున్నే గేదెను కాలువకు తోలుకెళ్లాను. మూతి పెట్టి తల తిప్పేసుకుంది. వీపు మీద ఒకటి వేశాను. మళ్లీ తిప్పేసుకుంది. దోసిట్లో పట్టి నేను చూశాను. ఎప్పటిలాగే చప్పగా ఉన్నాయి. పొగరెక్కిందనుకున్నాను. అప్పుడు గట్టు వార తూటికాడ కంటబడింది. ఆకుల అంచులన్నీ నిప్పు సోకినట్టు కమిలిపోయి ఉన్నాయి. వాటి కింద ఒక ఉప్పుపీత, సొంత ఇంట్లో కూర్చున్నంత నింపాదిగా కూర్చుని ఉంది. ఉప్పుపీత లాకుకు ఇవతల ఉండకూడదు. ఉప్పునీరు బరువు, అడుగున పాకుతూ వస్తుంది. అందుకే పైన పట్టిన నా దోసిలికి దొరకలేదు.

లాకు దగ్గర దానియేలు యంత్రానికి గ్రీజు పెడుతున్నాడు. వాళ్ల తాత కాలంలో లస్కరంటే లాకు తలుపులు తిప్పేవాడు. ఇప్పుడు యంత్రమే తిప్పుతుంది. పత్రికలో అచ్చయిన మాట తప్ప అది ఎవరి మాటా వినదు. నాయకుల ఫోన్లకు, రొయ్యల చెరువుల వాళ్ల కేకలకు తలుపులు తిరిగిన రోజుల్లో రెండు లంకలు చవుడుబారి పోయాయి. ఆ తర్వాతే ఈ కట్టుబాటు.

"దానియేలూ, తలుపులు ఎత్తి ఉన్నాయేంట్రా?"

"అమాసకి కూడా దింపదంట పిన్నమ్మా. సముద్రం నుంచి ఉప్పు ఎనిమిదో మైలు దాటి రాదని పత్రికలో పడింది. మన లాకు పదో మైలు కదా. ఎత్తి ఉంచితే అడుగున మేట కొట్టుకుపోద్దంట."

"ఉప్పుపీతకి ఆ పత్రిక చదివి వినిపించలేదా ఎవరూ?"

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఈ అమావాస్య పోటు ఏడాదంతటిలో పెద్దది. లాకు వెనకే మూడు లంకల మంచినీళ్ల చెరువు. దానికి ఉప్పు పడితే మూడు వానాకాలాలు కడిగితే గాని మంచినీళ్లు కావు. మూడు వానాకాలాలు నీళ్లు తాగకుండా ఆగగలిగిన మనిషిని నేనింకా చూడలేదు.

మధ్యాహ్నం దానియేలుకు చేపల పులుసు పెట్టాను. నాలుగు ముద్దలు తిని మూడు చెంబులు నీళ్లు తాగాడు.

"పులుసులోకి సముద్రాన్ని దింపేసేవేంటి పిన్నమ్మా."

"తింటే తిను. వంకలు పెట్టకు."

షష్ఠి. పోటు సగం.

పడవ మీద అచ్చు సంస్థకు వెళ్లాను. జలముద్ర అని దాని పేరు. ఎత్తయిన స్తంభాల మీద కట్టిన మేడ, నీళ్లు రానివ్వని గదులు, ఆ గదుల్లో ముప్పై ఏళ్ల సంచికలు. దాని పెద్ద పినాకపాణి. మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు.

"మామ్మగారూ, మేం అచ్చు వేసేవాళ్లమండి. వచ్చిన వ్యాసానికి నంబరిస్తాం, బొమ్మలు సర్దుతాం, యంత్రాలకి పంపుతాం, చెదలు పట్టకుండా దాస్తాం. అది నిజమా అబద్ధమా అన్నది మా పని కాదండి. అది సంపాదకురాలు గారిది."

"అబద్ధాన్ని కూడా చెదలు పట్టకుండా దాస్తావన్నమాట."

"ఆవిడ ఇచ్చిందేదైనా దాస్తామండి."

తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు. అదే నాకు మండింది. టీ తాగకుండా లేచాను.

అష్టమి. నీరు నీరసంగా ఉంది.

సంపాదకురాలు ఆకొండి సౌదామిని ఇల్లు కాలువ అవతలి ఒడ్డున. కావాలనే అవతల పెట్టారు. సంపాదకులు అచ్చు సంస్థలో మంచినీళ్లు కూడా ముట్టకూడదు. ఇది మా పత్రిక పుట్టిన నాటి కట్టుబాటు. ఆమె అక్కడికి వెళ్లాల్సి వస్తే తన నీళ్లసీసా తనే పట్టుకెళుతుంది. అరవై దాటిన మనిషి, మాట తక్కువ.

గేదె సంగతి, తూటికాడ, పీత, అన్నీ చెప్పాను. చివరిదాకా విని అంది: "పల్లాలమ్మ గారూ, మీరు పీతను చూశారంటే నేను నమ్ముతాను. కానీ గట్టు మీద నుంచి ఎవరో అరిచారని అచ్చయినదాన్ని వెనక్కి తీసుకుంటే, రేపు రొయ్యల చెరువుల వాళ్లూ వచ్చి అరుస్తారు. ఆ వ్యాసానికి ఏ కాలు విరిగిందో చూపించండి. ఆ నిమిషమే వెనక్కి తీసుకుంటాను."

"అది అసలు ఏ కాళ్ల మీద నిలబడిందో చెప్పండి మరి."

ఆమె చెప్పింది: "ఉప్పు కొలిచే మీటర్లు మూడు పెట్టారు. రెండు చప్పన అన్నాయి, ఒకటి ఉప్పంది. మీటర్లు తలా ఒక మాట అంటే తేల్చేది నాలుకే కదా. నాలుక చప్పన అంది. వ్యాసం చదివిన పరీక్షకులు ఇద్దరిలో ఒకరు మళ్లీ నీళ్లు ముంచి చూడమన్నారు. సంచిక ఆలస్యమవుతోందని అచ్చు సంస్థ రోజూ ఉత్తరం రాస్తోంది. ఎన్నడూ తప్పని నాలుక కదా అని నేను అక్కడితో ఆపాను."

"ఎవరిదా నాలుక? కోసి ఉప్పులో ఊరెయ్యాలి."

"అది నేను చెప్పకూడదు. మీరు అడగకూడదు."

చెప్పేసి నా ముఖం వైపు అలాగే చూస్తూ ఉండిపోయింది. ఏమిటీ చూపు అనుకున్నాను.

కట్టుబాటు నాకు తెలియనిది కాదు. కుండలు గుడ్డ చుట్టి వస్తాయి. ఏ ఊరివో, ఎవరి వ్యాసానివో సాక్షికి తెలియదు. పరగడుపున, తమలపాకు ముట్టకుండా, ముందు వాననీళ్లు పుక్కిలించి రుచి చూడాలి. తీపి, చప్పన, చవుడు, ఉప్పు. ఈ నాలుగు మాటల్లో ఒకటి చెప్పాలి. అంతే. డెల్టా మొత్తానికి నలుగురం. నా నాలుక తప్పు చెప్పదు. మిగిలిన ముగ్గురిలో ఒకామె కాన్పు చేయించడానికి వెళ్లి ఆర్నెల్లుగా ఊళ్లో లేదు, ఒకాయన మంచం మీద ఉన్నాడు. ఇంక మోకా అప్పాయమ్మ. మొదటినుంచీ దానికి నిదానం లేదు. అదే అయ్యుంటుంది.

దశమి. పాటు.

అప్పాయమ్మ ఇంటికి వెళ్లి గుమ్మంలోనే మొదలుపెట్టాను. అక్కడ చెప్పినవన్నీ నిన్నటి నుంచి కూడగట్టుకున్న తిట్లు. చెవీ, అవి నీ దగ్గర ఉన్నాయి కాబట్టి మళ్లీ చెప్పను. అది చేటలో బియ్యం ఏరుతూ అంతా విన్నది.

"అయిందా వదినా? ఎండన పడొచ్చేవు. ముందు తరవాణి తాగు, తర్వాత మిగిలినవి తిడుదువుగాని."

పులిసిన అన్నపు నీళ్లు, పెద్ద గ్లాసు నిండా పోసి ఇచ్చింది. దాహం మీద గటగటా తాగేశాను. మూతి తుడుచుకుని, "పులుపు బాగుంది. నీ నాలుకకి ఆ మాత్రం పులుపైనా తెలుస్తోంది" అన్నాను.

అది చేట పక్కన పెట్టింది. ముఖంలో నవ్వు లేదు.

"వదినా, అందులో గుప్పెడు ఉప్పు పోసేను."

గ్లాసు వైపు చూశాను.

"దానియేలు పెళ్లాం మొన్న సంతలో చెప్పింది, నీ పులుసు నోట పెట్టలేకపోతున్నామని. నమ్మలేదు నేను. మా పల్లాలొదిన నాలుకేంటి, ఆ మాటేంటి అన్నాను. గ్లాసు ఖాళీ చేసేవు వదినా. ఒక్క మాటైనా అనలేదు నువ్వు."

గ్లాసు అడుగున వేలు పెట్టాను. కరగని ఉప్పు రాళ్లు రెండు వేలికి తగిలాయి. వేలికి తెలిసింది. నాలుక మీద పెట్టుకున్నాను. గులకరాళ్లు.

ఏకాదశి. చెప్పేది ఏమీ లేదు.

ద్వాదశి. పోటు పెరుగుతోంది.

నిన్న చెప్పనిది ఈ రోజు చెబుతున్నాను. ఇంట్లో ఉన్న ఉప్పంతా నోట వేసుకుని చూశాను. బీరువా మీది రాతి ఉప్పు, ఊరగాయ జాడీ, ఎండు చేప. తర్వాత కాలువకు పోయి అడుగు నుంచి బురద నీళ్లు ముంచి చూశాను. గేదె పక్కనే నిలబడి నన్ను చూసింది. దాన్ని కొట్టిన దెబ్బలు గుర్తొచ్చాయి.

పోయిన వానల్లో జ్వరం వచ్చి పన్నెండు రోజులు మంచం మీద ఉన్నాను. ఆ తర్వాత పులుపు తెలుస్తోంది, కారం తెలుస్తోంది, చేదు తెలుస్తోంది. ఉప్పొక్కటే పోయింది. పోయింది నాకు తెలియలేదు. చప్పగా ఉన్నాయనుకుని కూరల్లో పోస్తూ వచ్చాను. చప్పగా ఉన్నాయనుకుని కుండలకు సాక్ష్యం చెప్పాను. నాకు చదువు లేదు, పొలం లేదు. ఈ డెల్టాలో నా పేరు చెబితే జనం లేచి నిలబడేది ఈ నాలుకకే.

మళ్లీ పడవెక్కి పినాకపాణి దగ్గరికి వెళ్లాను. సౌదామిని దగ్గరికి ఎందుకు వెళ్లలేదంటే ఆ చూపు మళ్లీ చూడలేక. ఆ నాలుక నాదేనని ఆమెకు అష్టమి నాడే తెలుసు.

పినాకపాణి అంతా విని తలుపు వేశాడు.

"మామ్మగారూ, ఇది ఎవరితోనైనా చెప్పారా?"

"అప్పాయమ్మకి తెలుసు. అది నోరు విప్పదు."

"అయితే మీరూ మర్చిపోండి. యంత్రాలకి పంపే కాపీ చతుర్దశి సాయంత్రం మళ్లీ వెళ్తుందండి. అందులో ఎనిమిదో మైలు తీసి పన్నెండో మైలు అని పెడతాను. ఒక్క అంకె. లాకు దిగిపోద్ది."

"సౌదామినమ్మకో?"

"ఆవిడకి తెలిస్తే వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటానంటారండి. ఒకటి వెనక్కి తీసుకుంటే పక్క డెల్టాల యంత్రాలు కూడా మన పత్రికని నమ్మడం మానేస్తాయి. ఇలాగైతే మీ చెరువు ఉంటది, మీ పేరు ఉంటది, పత్రిక పేరూ ఉంటది. ఎవరికి నష్టం చెప్పండి?"

ఎవరికీ నష్టం కనిపించలేదు నాకు. సరే అన్నాను. రాసుకో. అతను బలవంతం చేయలేదు. నేనే సరే అన్నాను. ఈసారి టీ కూడా తాగాను.

త్రయోదశి. పోటు గట్టు రాయిని తాకింది.

కూర్చుంటే కూర్చోలేను, నిలబడితే నిలబడలేను. వాకిలి రెండుసార్లు ఊడ్చాను. ఊడ్చిన వాకిలినే మళ్లీ ఊడ్చాను.

దానియేలు వచ్చాడు. "లాకు దిగుద్దంట పిన్నమ్మా, అచ్చు సంస్థ నుంచి కబురొచ్చింది. నీ నోటికి జడిసే అయ్యుంటది." సంతోషంగా ఉన్నాడు. వాడి కూతురు నీళ్లబిందె నడుముకు పెట్టుకుని చెరువు వైపు పోతోంది. నా చెరువు ఉంటుంది. ఇంకేం కావాలి.

జ్వరం తర్వాత నేను ఎన్ని మూటలు రుచి చూశానో వేళ్ల మీద లెక్కపెట్టాను. ఐదు. ఒకటి ఏడో లాకుది. మిగతా నాలుగు ఏ ఊరివో నాకు తెలియదు, గుడ్డ చుట్టి ఉన్నాయి. ఎవరి నుయ్యో, ఎవరి చెరువో. అక్కడ కూడా ఎవరో గేదెను కొడుతూ ఉంటారు. ఆ నాలుగింటికీ అంకె మార్చేవాడు లేడు. వాటి కోసం పడవెక్కి వచ్చిన ముసలిది లేదు.

ఇంకొకటి. నా పేరు కాపాడడానికి ఎనిమిదిని పన్నెండు చేసిన చెయ్యి, రేపు రొయ్యల చెరువుల వాళ్లు వచ్చి టీ తాగితే పన్నెండును మూడు చేయగలదు. అప్పుడు నాకు అరవడానికి నోరుండదు. నేనే నేర్పాను కదా.

చెవీ, ద్వాదశి నాడు నేను సరే అన్నది చెరపవద్దు. ఈ మాట దాని పక్కనే పెట్టు. సరే కాదు.

చతుర్దశి. పోటు.

తెల్లారగానే సౌదామిని ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే చెప్పాను.

"ఏ కాలు విరిగిందో చూపించమన్నారు కదా, ఆ కాలు నా నాలుకే. ఉప్పు తెలియదు నాకు. వానల నుంచీ."

అంకె సంగతి కూడా చెప్పాను. ఆమె నన్ను ఓదార్చలేదు. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను. వ్యాసం రాసినతనికి ఫోను చేసింది. అతను తీసేయండి అన్నాడట. ఆమె ఒక కాగితం రాసింది, నీళ్లసీసా తీసుకుంది, నా పడవలోనే ఎక్కింది.

పినాకపాణి కాగితం చదివాడు. "వచ్చే సంచికలో వేస్తామండి. అచ్చుకు వారం పడుతుంది కదా."

"అంకె మార్చడానికి ఎంతసేపు పడుతుంది?" అంది సౌదామిని.

అతను నా వైపు చూశాడు. నేను నా మెడలో చెవిని చీర కిందనుంచి పైకి తీసి వేసుకున్నాను.

"ఏం అచ్చువేయాలన్నది నాది," అంది ఆమె. "ఎలా వేయాలి, ఎలా దాచాలి, ఎవరికి చేర్చాలి, అదంతా మీది. ఇరవై ఏళ్లలో నేను మీ అచ్చుగదిలో అడుగు పెట్టలేదు. మీరు నా కాగితంలో వేలు పెట్టకండి. ఇది వేసేదాకా ఇక్కడే కూర్చుంటాను."

కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఎండ కిటికీలోంచి ముందు బల్ల మీదికి, తర్వాత ఆమె ఒళ్లోకి వచ్చింది. మిట్టమధ్యాహ్నానికి ఆమె సీసా అయిపోయింది. పినాకపాణి కొబ్బరిబోండాం తెప్పించాడు. ఆమె వద్దంది. గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి పెట్టాడు. ముట్టలేదు. పెదవులు అంటుకుపోతున్నాయి, మాట పెగలడం లేదు.

నా దగ్గర ఇంటినుంచి తెచ్చుకున్న చెంబు ఉంది. "మా చెరువు నీళ్లు," అన్నాను. "ఎలా ఉన్నాయని మాత్రం నన్ను అడగకండి."

ఆమె ఎత్తిపట్టి తాగింది. ఆగి, "తీపి" అంది. సాక్షులు చెప్పినట్టే, ఒక్క మాట.

పినాకపాణి తన బల్ల మీద ముట్టని గ్లాసు వైపు చాలాసేపు చూశాడు. చెడ్డవాడు కాదతను. ముప్పై ఏళ్ల సంచికలను ఉప్పుగాలి నుంచి కాపాడినవాడు. కాపాడడమే అలవాటైపోయింది. ఆఖరికి ఫోను తీసి అచ్చుగదితో అన్నాడు: "ఉన్న పని ఆపండి. ఒకటి వస్తోంది. వ్యాసం ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో అంత పెద్ద అక్షరాల్లోనే వెయ్యాలి."

సౌదామిని నాతో అంది, "సాక్షి పేరు వేయనక్కర్లేదు. నాలుక సాక్షి అని వేస్తే చాలు."

"ఏ నాలుకని మిగిలిన ముగ్గురినీ అనుమానిస్తారా జనం? నేను అప్పాయమ్మను చేసినట్టు? పేరు వెయ్యండి. ఇంటిపేరుతో సహా."

అమావాస్య. పోటు ఇంకా రాలేదు.

పొద్దున దానియేలు అచ్చు కాగితం తెచ్చి, లాకు దిమ్మె మీద కూర్చుని చదివి వినిపించాడు.

"ఏడో లాకు మీది వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నాం. నాలుక సాక్షి నాగిడి పల్లాలమ్మ తనకు జ్వరం తర్వాత ఉప్పు రుచి తెలియడం లేదని స్వయంగా వచ్చి చెప్పారు. ఆమె సాక్ష్యం మీద నిలిచిన మరో నాలుగు వ్యాసాల నీళ్లను ఇంకో సాక్షి తిరిగి రుచి చూస్తారు. అంతవరకూ ఏడో లాకూ, ఆ నాలుగు చోట్ల లాకులూ మూసి ఉంటాయి. మళ్లీ చూడమన్న పరీక్షకుడి మాట వినకపోవడం సంపాదకురాలి తప్పు."

వాడు కాగితం మడవబోయాడు. "ఆగు. నా పేరెక్కడుంది?"

వేలు పెట్టి చూపించాడు. సాక్షుల పేర్లు అచ్చువేయరు, అది కట్టుబాటు. ఇరవై రెండేళ్లలో నా పేరు పత్రికలో పడడం ఇదే మొదటిసారి. గుండ్రంగా, కాళ్లు ముడుచుకుని కూర్చున్న పీతల్లా ఉన్నాయి అక్షరాలు. నా వేలు కూడా అక్కడ పెట్టి చూశాను. గరుకుగా ఏమీ తగల్లేదు.

"ఎందుకు వేయించుకున్నావు పిన్నమ్మా ఇది? ఊరంతా చదువుద్ది."

"చదవనీ. నేను చదవలేను కదా."

అప్పుడు యంత్రం మూలిగింది. తలుపులు దిగడం మొదలైంది. అవి నీళ్లను తాకేసరికి ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు నుంచి పోటు నురగతో వస్తూ కనిపించింది. వచ్చి తలుపులకు కొట్టుకుంది. దిమ్మె అదిరింది. దానియేలు లేచి నిలబడ్డాడు. నీళ్లు అవతల పెరిగాయి, పెరిగాయి, తలుపు మీద హద్దుగా గీసిన పచ్చగీత దాకా వచ్చి ఆగాయి. ఇవతల కాలువ కదలలేదు.

పాడ్యమి. పాటు.

గేదెను చెరువుకు తోలుకెళ్లాను. నీళ్ల దగ్గర నేను వంగలేదు, దోసిలి పట్టలేదు. పక్కన నిలబడి దాని మూతి వైపు చూశాను. అది వాసన చూసింది. మూతి పెట్టింది. తల తిప్పలేదు.

తాగినంతసేపూ తాగనిచ్చాను. ఇంక రాసుకోవడం ఆపు.